పాటగాళ్ల ఇంటర్వ్యూలు వింటే ఇంగ్లీష్ మాటలు వస్తాయా?

చెన్నూరు బస్సు:
కడపలో ఒక కళ్లద్దాల షాపులో కౌంటర్ మీద ఉంటాను. బీకాం అయింది. బెంగళూరులో పెద్ద ఆప్టికల్ షాపులకు అప్లై చేస్తున్నా. రాసే టెస్టు గట్టెక్కుతుంది, ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడే రౌండ్ దగ్గర పోతుంది. అవతలివాళ్లు అడిగేది సగం అర్థం కాదు. అర్థమైన సగానికి నోట్లోంచి మాట రాదు. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు కూడా పోయాను. టెన్సులు బట్టీ పట్టించడం తప్ప ఒక్కరోజూ మాట్లాడించలేదు.

ఇప్పుడు షాపు మూశాక బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సంగీతం వాళ్ల ఇంటర్వ్యూలు వింటున్నా. రెహమాన్‌తో మొదలుపెట్టా. మా పెద్ద దర్గాకు వస్తుంటారు కదా, మన మనిషే అని ధైర్యం. ఆయన నిదానంగా, మెల్లగా మాట్లాడతారు కాబట్టి చానా వరకు తెలుస్తుంది. ఆ ఊపులో ఇంగ్లాండ్ సింగర్ అడెల్ ఇంటర్వ్యూ పెడితే ఆమె నవ్వు తప్ప ఏమీ అర్థం కాలేదు!

ఇట్ల వింటే రోజూ వాడే మాటలు నిజంగా వస్తాయా, లేక టైంపాసేనా? ఎవరివి వినాలి, ఎట్ల వినాలి?

పాతకాలం మాస్టారు:
పాటగాళ్ల కబుర్లతో ఇంగ్లీష్ రాదు తల్లీ. రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ గట్టిగా చదువు. మేమంతా అట్లే నేర్చుకున్నాం.

అనంతపురం టైపిస్టు:
మాస్టారూ, మీ మాట తీసేయను. కానీ ఎడిటోరియల్ భాషలో కళ్లజోడు అమ్మలేం కదా సార్.

చెల్లెమ్మా, నేను ఇంట్లో కూర్చుని ఇంగ్లీష్ ఆడియో విని టైప్ చేసే పని చేస్తాను. డాక్టర్ల మాటలు, మీటింగులు, పాడ్‌కాస్టులు, ఏది వస్తే అది. ఆ అనుభవంతో చెబుతున్నా. నువ్వు పట్టుకున్నది మంచి దారే, కాకపోతే ఈరోజు ఒకరిని రేపు ఇంకొకరిని వినొద్దు. ఒక్క మనిషిని పట్టుకో.

ఎందుకంటే, కొత్త ఆల్బమ్ వచ్చిందంటే ఆ సింగర్ కొన్ని వారాల పాటు రేడియోలు, టీవీలు, యూట్యూబ్ చానళ్లు అన్నీ తిరుగుతారు. అందరూ అడిగేది అవే ప్రశ్నలు: ఇన్నాళ్లు ఎందుకు పట్టింది, ఎక్కడ రాశారు, ఇంట్లో వాళ్లు ఏమన్నారు. పాపం వాళ్లూ అదే కథ చెబుతారు, ప్రతిచోటా మాటలు కొంచెం మారుస్తారు. ఒకచోట జారిపోయిన మాట ఇంకోచోట చిక్కుతుంది. డిక్షనరీ తెరవాల్సిన పని సగం తగ్గిపోతుంది. పాటలతో ఇది జరగదు. ట్యూన్ కోసం మాటల్ని సాగదీస్తారు, వరస మార్చేస్తారు.

నీకైతే ఇంగ్లాండ్ సింగర్ ఎడ్ షీరన్ పేరు చెబుతాను. చిన్నప్పుడు ఆయనకు నత్తి. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న అమెరికా ర్యాపర్ ఎమినెమ్ ఆల్బమ్ కొనిచ్చాడు. అందులో గుక్కతిప్పుకోకుండా పాడే ర్యాప్ అంతా కంఠస్థం చేశాడు, నత్తి పోవడానికి అదే సాయపడిందంటాడు. 2015లో అమెరికాలో నత్తి ఉన్నవాళ్ల కోసం పనిచేసే సంస్థ వేడుకలో ఇదే చెప్పాడు, ఇంటర్వ్యూల్లోనూ చెప్పాడు. యూట్యూబ్‌లో 'ఎడ్ షీరన్ స్టటర్' అని కొట్టి, దొరికిన క్లిప్పులు పక్కపక్కన విను. ఆ వేడుకలో మాట్లాడుతూ చిన్నప్పుడు పెట్టుకున్న పెద్ద పెద్ద కళ్లద్దాల సంగతి కూడా ఎత్తుతాడు, నీ షాపు సరుకే!

ఆ తర్వాత బీబీసీ రేడియోలో 'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్' పట్టుకో. 1942 నుంచి నడుస్తున్న కార్యక్రమం. వచ్చినవాళ్లు ఒంటరి దీవికి తీసుకెళ్లే ఎనిమిది రికార్డులు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు చెప్పాలి. మధ్యలో అమ్మానాన్నలు, బడి, మొదటి ఉద్యోగం, భయాలు. ఎవరు వచ్చినా చట్రం అదే కాబట్టి తర్వాత ఏం అడుగుతారో నీకు ముందే తెలుస్తుంది. షీరన్ 2017లో వచ్చాడు, అదీ విను.

వినే పద్ధతి గురించి. మొదటిసారి క్యాప్షన్స్ లేకుండా వినాలి. రెండోసారి క్యాప్షన్స్ పెట్టుకో, కానీ యూట్యూబ్ తనంతట తాను వేసేవి నమ్మొద్దు. పేర్లను, వేగంగా అన్న మాటలను ఖూనీ చేస్తాయి, నా జీతమంతా అవి సరిదిద్దడంలోనే వస్తుంది. వేగం 0.75 కంటే తగ్గించకు, తాగి మాట్లాడినట్టు ఉంటుంది. విడి మాటలు నోట్‌బుక్‌లో ఎక్కించొద్దు, మొత్తం వాక్యం రాసుకో. 'ఐ ఎండెడ్ అప్', 'టర్న్స్ అవుట్', 'ఐ యూజ్డ్ టు' లాంటివి ఈ ఇంటర్వ్యూల్లో కోకొల్లలు. వాళ్ల కథలన్నీ ఒకటి అనుకుంటే ఇంకొకటి అయిన కథలే కదా. నువ్వూ 'ఐ వాంటెడ్ ఎ బ్యాంక్ జాబ్, బట్ ఐ ఎండెడ్ అప్ ఇన్ యాన్ ఆప్టికల్ షాప్' అని చెప్పుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: యాంకర్ ప్రశ్న అడగ్గానే పాజ్ కొట్టి నువ్వు జవాబు చెప్పు, పైకి. 'చిన్నప్పుడు ఇంట్లో ఏం వినేవాళ్లు' అంటే ఆకాశవాణి కడప కేంద్రం గురించి చెప్పు. నీ జవాబు అయ్యాకే వాళ్ల జవాబు విను. వినడం ఎంత చేసినా నోరు తిరగదు, ఇది చేస్తే తిరుగుతుంది.

కేసీ కెనాల్:
కర్నూలు నుంచి. కాల్ సెంటర్‌లో పని చేస్తున్నా అక్కా. అన్న చెప్పింది నిజమే, ఒక్క జాగ్రత్త. సింగర్లు ఇంటర్వ్యూల్లో బూతులు నీళ్లు తాగినట్టు వాడతారు. ప్రతి వాక్యానికి 'ఐ వాజ్ లైక్', 'యు నో' తగిలిస్తారు. ఫోన్ రౌండ్లో అవి వద్దు. అడెల్‌ను ఇప్పుడే ముట్టుకోకు. ఆమెది లండన్‌లో టాటెన్‌హామ్, మాట మధ్యలో 'ట' మింగేస్తుంది. 'వాటర్' అన్నా నీకు వినపడదు.

చెన్నూరు బస్సు:
అన్నా, షీరన్ క్లిప్పులు విన్నా. మొదటిదాంట్లో కళ్లద్దాల మాట పట్టుకోలేదు, ఇంకోటి విన్నాక వెనక్కి వెళ్తే దొరికింది. కానీ బస్సులో పైకి జవాబు చెప్పాలంటే సిగ్గు, పక్కన పెద్దావిడ 'ఎవరితో గొడవ పాపా' అనింది. వాళ్ల యాస కూడా నేర్చుకోవాలా?

అనంతపురం టైపిస్టు:
వద్దు. మాటలు స్పష్టంగా పలికితే చాలు, రెహమాన్ తన సొంత యాసతోనే 2009లో రెండు ఆస్కార్లు అందుకుని స్టేజీ మీద మాట్లాడి వచ్చాడు. బస్సులో ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడు, ఎవరికో కాల్ చేస్తున్నావనుకుంటారు.

కేసీ కెనాల్:
ఇంకోటి అక్కా. అవతల అడిగింది తెలియకపోతే మౌనంగా ఉండిపోకు, 'సారీ, కుడ్ యు సే దట్ అగైన్' అను. మా దగ్గర రోజూ కస్టమర్లు మమ్మల్ని అట్లే అడుగుతారు, ఎవరూ ఏమీ అనుకోరు.