‘రంపపు ఈగ’ అనొచ్చా?

ప్రశ్న: ఆవపంటను తినే సాఫ్లై (sawfly) అనే కీటకాన్ని తెలుగులో ‘రంపపు ఈగ’ అంటే తప్పంటున్నారు. నాలుగు రెక్కలున్నది ఈగ కాదట. మరేమనాలి? దాని లార్వాను గొంగళి పురుగు అనొచ్చా?

జవాబు: నిక్షేపంగా ‘రంపపు ఈగ’ అనండి. రెండు రెక్కలదే ఈగ అన్న లెక్క శాస్త్రానిది, తెలుగుది కాదు. తేనెటీగకు, కందిరీగకు నాలుగేసి రెక్కలు, జోరీగకు రెండే. మూడూ మనకు ఈగలే. ఇది కందిరీగకు చుట్టం కూడా, కాకపోతే ఆ సన్నని నడుము దీనికి లేదు. రంపమూ ఉత్త పోలిక కాదండీ. ఆడ ఈగ పొట్ట చివర పళ్లున్న రేకు ఉంటుంది. దాంతో ఆకు అంచు కోసి, చీలికలో గుడ్డు దూరుస్తుంది. ‘రంపపు పురుగు’ మాత్రం వద్దు, కర్ర తొలిచేదనుకుంటారు.

ఇంకో జవాబు: గొంగళి పురుగు అనకండి. గొంగళి అంటే ముతక కంబళి, ఒళ్లంతా నూగున్న పురుగుకే ఆ పేరు. దీని ఒళ్లు నూగు లేకుండా, ముడతలతో, నలుపు కలిసిన ఆకుపచ్చగా, వీపున చారలతో ఉంటుంది. లార్వాకు ‘డింభకం’ అన్నది పుస్తకాల మాట. ‘రంపపు ఈగ పిల్లపురుగు’ అంటే అందరికీ తెలుస్తుంది.

ఇది మాటపట్టింపు కాదు. గొంగళి పురుగని రాస్తే రైతు బీటీ మందు (ఒక బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు) కొడతాడు. సీతాకోకచిలుక జాతి పురుగుల కోసం అమ్మే కుర్‌స్టాకి రకం బీటీ దీనిమీద పనిచేయదు.

గుర్తుపట్టడానికి ముందరి మూడు జతల అసలు కాళ్లు వదిలేసి, వెనక మెత్తని పొట్టకాళ్లు లెక్కపెట్టండి. 8 జతలుంటే ఇదే. 5 జతలు, అంతకు తక్కువైతే సీతాకోకచిలుక జాతి. లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ముట్టుకోగానే చుట్టుకుని, నేల రాలి, చచ్చినట్టు పడి ఉంటుంది. గాజు గిన్నెలో వేసి, కదిలేదాకా ఆగి, అడుగునుంచి భూతద్దంతో చూడండి. తలకు ఒక్కో పక్క ఒక్కటే నల్లని కన్ను కనిపిస్తుంది. పొద్దున గాని సాయంత్రం గాని వెతకండి, ఎండెక్కితే దాక్కుంటుంది.

అడిగినవారు: ముల్లంగిమీదా దొరుకుతుంది కదా, పేరులో ‘ఆవ’ ఉండాలా?

జవాబు: ఉండాలి. గులాబీని తినే రంపపు ఈగలు వేరే ఉన్నాయి. దీని శాస్త్రనామం అథాలియా లూజెన్స్ ప్రాక్సిమా. ‘ఆవ రంపపు ఈగ’ అని రాసి, పక్కనే ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ పేర్లు చేర్చండి, లేకపోతే ముల్లంగి రైతు తనది కాదనుకుంటాడు. మొక్క ఆవ కుటుంబానిదో కాదో తేలకపోతే పువ్వు చూడండి: అడ్డంగా, నిలువుగా నాలుగు రేకులు, ఆరు కేసరాల్లో రెండు పొట్టివి. పువ్వు లేకపోతే ఆకు నలిపితే ఆవఘాటు తగులుతుంది.