అడాప్టరు తిరగేసి పెట్టినాక ఓవర్‌డ్రైవ్ పెడల్ మూగబోయింది, ఇంట్లో సోల్డరింగ్‌తో బాగవుతుందా?

అనంత_తీగలు (అనంతపురం)
అన్నలారా, ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి (గిటారు శబ్దాన్ని గరుగ్గా చేసే కాలి పెట్టె) పొరపాటున కీబోర్డు అడాప్టరు గుచ్చినాం. అదీ 9 వోల్టులదే, కానీ నడిమి పిన్ను ప్లస్, పెడల్‌కు మైనస్ కావాలి. అప్పట్నుంచి ఎల్‌ఈడీ వెలగదు. బైపాస్‌లో (ఎఫెక్ట్ ఆపినప్పుడు) గిటారు మామూలుగా పలుకుతాది, స్విచ్ తొక్కితే మూగే. సరైన అడాప్టరు పెడితే దాని మీదుండే లైటు కూడా ఆరిపోతాది. మూత తీసి చూస్తే డీసీ జాక్ పక్కన ఒక నల్ల డయోడ్ చిట్లినట్టుంది. లోపల శబ్దాన్ని పెంచే 4558 ఐసీ, తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్. నా దగ్గర 25 వాట్ల ఐరన్, పసుపు రంగు చవక మల్టీమీటర్ ఉండాయి. బెంగళూరుకు పంపకుండా పనవుతుందా?

సీమ_టోన్ (కడప)
అవుతుంది. ఆ డయోడ్ పెట్టిందే ఇందుకు. అది ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య అడ్డంగా ఉంటుంది. అడాప్టరు సరిగ్గా ఉన్నంతసేపు దానికి పనే లేదు. తిరగేసి పెడితే కరెంటంతా తనలోంచి పోనిచ్చి వెనకున్నవాటిని కాపాడుతుంది, ఎక్కువసేపైతే తానే కాలి షార్టయిపోతుంది. మీ అడాప్టరు లైటు ఆరేది ఆ షార్ట్ వల్లే.

బ్యాటరీ, అడాప్టరు తీసేసి డయోడ్ ఒక కాలు మాత్రం లేపండి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, తీగలు మార్చి పట్టినా రెండు వైపులా బీప్ అంటే అది పోయినట్టే. బదులు 1ఎన్4007 డయోడ్ వేయండి, టీవీలు బాగుచేసే ఏ కొట్లోనైనా ఉంటుంది. వెండి గీత ప్లస్ వైపు రావాలి. ఇది తిరగబడితే మళ్లీ షార్టే.

పాత లెడ్డు (సోల్డర్) కరగకపోతే ఐరన్‌ను అదిమి పట్టొద్దు, రాగి ప్యాడ్ లేచిపోతుంది. కొత్త 60/40 (తగరం 60, సీసం 40) లెడ్డు కొంచెం కలిపితే పాతది కరుగుతుంది, అప్పుడు లెడ్డు పీల్చే పంపుతో లాగండి. ఒక్కో కాలికి మూడు సెకన్లు చాలు. రేకు పనివాళ్ల యాసిడ్ ఫ్లక్స్ అసలు వాడొద్దు, తర్వాత ట్రాక్‌లను తినేస్తుంది. ఫ్యాను కింద సన్న బిట్టు చల్లారిపోతుంది, కాసేపు ఆపి కిటికీ తెరవండి. మే నెలలో అనంతపురంలో ఈ మాట చెప్పడం తేలికే!

కర్నూలు_ఫజ్
డయోడ్ మార్చగానే నేరుగా అడాప్టరు పెట్టొద్దప్పా. అది షార్ట్ కాకుండా చిట్లి తెగిపోయి ఉంటే ఉల్టా వోల్టేజంతా ఐసీ మీద, పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద పడుంటుంది. ఆ కెపాసిటర్‌ను ఎట్లాగైనా మార్చేయండి, 100 మైక్రోఫారడ్, 25 వోల్టులది.

మొదటిసారి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు వరసగా 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఇవ్వండి. దాని రెండు చివరల మధ్య 1 వోల్టు కనిపిస్తే 10 మిల్లీ ఆంప్‌లు. ఈ రకం పెడల్‌కు సుమారు అంతే కావాలి. 8 వోల్టులు దాటితే ఇంకా షార్టుంది, వెంటనే తీసేయండి. ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్ పెట్టడం మరవొద్దు, చాలా పెడల్స్‌లో బ్యాటరీ మైనస్ ఆ జాక్ ద్వారానే కలుస్తుంది.

అనంత_తీగలు
డయోడ్ రెండు వైపులా బీప్ అన్నింది. అదీ కెపాసిటరూ మార్చినా. రెసిస్టర్ మీద 0.9 వోల్టు, ఎల్‌ఈడీ వెలిగింది. కానీ ఎఫెక్ట్ శబ్దం లేదు. ఐసీ కాళ్ల దగ్గర వోల్టులు: 8వది (ప్లస్ సప్లై) 8.0, 4వది (గ్రౌండ్) 0, 3వది 4.0, 7వది 4.0, 1వది 7.3. మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 2.6 మాత్రమే ఉంది. ట్రాన్సిస్టర్ పోయిందా?

సీమ_టోన్
బేస్ అంకె మీటరు చేసే మోసం. బేస్‌కు 510 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా వోల్టేజ్ వస్తుంది, ఆ పసుపు మీటరేమో తనే 1 మెగా ఓమ్ భారం వేస్తుంది. ఆ బరువుకే మూడో వంతు పడిపోతుంది. ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలి దగ్గర కొలవండి. సుమారు 3 వోల్టులుంటే ట్రాన్సిస్టర్ బాగానే ఉంది.

అసలు తేడా 1వ కాలి దగ్గర. ఇన్‌పుట్ అయిన 3వ కాలికి సగం సప్లై సరిగ్గా అందుతోంది, అవుట్‌పుట్ అయిన 1వ కాలు మాత్రం సగం దగ్గర ఉండకుండా పైకి అతుక్కుపోయింది. 4558 పోయింది. దాన్ని కాపాడి తీయాలని చూడొద్దు. కాళ్లన్నీ కట్టర్‌తో కత్తిరించి, ఒక్కొక్కటే వేడిచేసి లాగండి. అక్కడ ఎనిమిది కాళ్ల సాకెట్ సోల్డర్ చేసి, కొత్త ఐసీని గాడి వైపు చూసి గుచ్చండి.

కర్నూలు_ఫజ్
ఫుట్‌స్విచ్ జోలికి పోవద్దు. బైపాస్, ఎల్‌ఈడీ రెండూ పనిచేస్తున్నాయి కదా. దాని కాళ్లు వేడెక్కితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్టులు జరిగిపోతాయి.

అనంత_తీగలు
సాకెట్ వేసి కొత్త 4558 పెట్టినా. 1వ కాలు ఇప్పుడు 4.0. శబ్దం వచ్చింది, డ్రైవ్ పాట్ (తిప్పే గుండీ) తిప్పితే మాత్రం గరగర.

సీమ_టోన్
దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు పాట్ సందులో వేసి ఇరవైసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి.