ఫ్రిస్కోకి కొత్త: కౌబాయ్స్ డ్రాఫ్ట్ బాగుందో లేదో ఎలా తేల్చాలి?

ప్రశ్న (ఫ్రిస్కో)

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. ఏప్రిల్ దగ్గరపడేకొద్దీ ఆఫీసులో లంచ్ టైమంతా డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ డ్రాఫ్ట్ గొడవే, అదే జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకోవడం. ఐపీఎల్ వేలమైతే బాగానే తెలుసు, దీని లెక్క మాత్రం అంతుపట్టడం లేదు. డబ్బు పెట్టి కొననప్పుడు మంచి పిక్, చెత్త పిక్ అని దేన్ని చూసి అంటారు? ఆ రాత్రే వెబ్‌సైట్లు ఇచ్చే గ్రేడ్లను నమ్మొచ్చా?

ప్లేనో నుంచి

ముందు వేలం అలవాటు పక్కన పెట్టు తమ్ముడూ. వేలంలో చేతిలో పర్సు ఉంటుంది, కావాల్సినవాడి కోసం పాట పెంచుకుంటూ పోవచ్చు. ఇక్కడ వరుస ఉంటుంది. 32 జట్లు, 7 రౌండ్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండు మూడు, శనివారం మిగతా నాలుగు. పోయిన సీజన్లో అట్టడుగున ఉన్న జట్టుది మొదటి వంతు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచినవాళ్లది చివరి వంతు. ఈ వంతునే, దాంతో తీసుకున్న ఆటగాణ్ణి కూడా, పిక్ అంటారు. వంతుల్ని ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు, అదే ట్రేడ్.

జీతం కూడా ఎన్నో నంబరులో తీసుకున్నారనేదాన్ని బట్టే దాదాపు ఖరారైపోతుంది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. 2011లో నిబంధన మారింది, ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు దాదాపు 2.2 కోట్లే వచ్చింది. కాబట్టి ఇక్కడ ధర అంటే పిక్ నంబరే. ఆటగాడు మంచోడా కాదా అని కాదు, ఆ నంబరు ఖర్చుపెట్టి తెచ్చుకోదగ్గవాడా అని అడగాలి.

ఆ ధరకు ఒక పట్టిక ఉంది. 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇదే కౌబాయ్స్ ఆఫీసులో తయారైంది. మొదటి పిక్ 3000 పాయింట్లు, పదోది 1300, 32వది 590. ఒకటినుంచి పదికి వచ్చేసరికే సగానికన్నా ఎక్కువ పోతుంది. ట్రేడ్ జరగ్గానే ఇటు ఇచ్చినవి, అటు వచ్చినవి కూడిచూడు. 2021లో కౌబాయ్స్ పదో పిక్‌ని ఈగల్స్‌కి ఇచ్చి 12వది, 84వది తీసుకున్నారు. ఇచ్చింది 1300. వచ్చింది 1200, 170 కలిపి 1370. అంటే 70 పాయింట్లు మిగిలాయి, నాలుగో రౌండ్లో ఒక పిక్ ఊరికే వచ్చినట్టు. ఆ 12వ పిక్‌తో తీసుకున్నవాడే మైకా పార్సన్స్. రెండు మెట్లు దిగి కూడా అతన్నే పట్టారంటే అది బంగారం లాంటి నిర్ణయం. ఇప్పుడు చాలా జట్లకు సొంత పట్టికలు ఉన్నాయి, అవి కింది పిక్‌లకు ఇంతకన్నా ఎక్కువ విలువ కడతాయి. లంచ్ టేబుల్ దగ్గర చర్చకు మాత్రం ఈ పాతది చాలు.

అర్వింగ్ నుంచి

పై మాటకు ఒకటి కలుపుతా. నంబరు తర్వాత చూడాల్సింది పొజిషన్. జీతం నంబరుకు కట్టి ఉంటుంది గానీ పొజిషన్‌కి కాదు, కిటుకంతా అక్కడే ఉంది. బయటి మార్కెట్లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), ఎడ్జ్ రషర్ (అతని మీదికి అంచునుంచి దూకేవాడు), టాకిల్ (అతన్ని కాచేవాడు), రిసీవర్ (బంతి అందుకునేవాడు), కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని అడ్డుకునేవాడు) ఖరీదైన సరుకు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ వాళ్లకన్నా చాలా చవక. 2016లో కౌబాయ్స్ నాలుగో పిక్‌తో రన్నింగ్ బ్యాక్ ఎజెకీల్ ఎలియట్‌ని తీసుకున్నారు. మొదటి ఏడాదే లీగ్‌లో అందరికన్నా ఎక్కువ, 1,631 గజాలు పరిగెత్తాడు. ఆటగాడిగా వంక పెట్టలేం. కానీ నాలుగో పిక్ జీతమంటేనే రన్నింగ్ బ్యాక్‌ల పైవరస జీతం, కాబట్టి జట్టుకు మిగిలింది తక్కువ. అదే జీతానికి మంచి కార్నర్‌బ్యాక్ దొరికితే నాలుగేళ్లలో కోట్ల డాలర్లు మిగులుతాయి. ఐదో పిక్‌కి వెళ్లింది కార్నర్‌బ్యాక్ జేలెన్ రామ్సీ. ఈ ఊళ్లో ఇప్పటికీ తెగని పంచాయితీ ఇది. నా ఓటు రామ్సీకే.

పోల్చేటప్పుడు కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఐదో రౌండ్లో దొరికిన స్టార్‌ని చూపించి 'మొదటి రౌండ్లోనే వీణ్ణి ఎందుకు తీసుకోలేదు' అంటారు. వాణ్ణి 32 జట్లూ వదిలేశాయి, అది అందరి తప్పు. న్యాయంగా పోల్చాలంటే అదే పని చేసే ఆటగాళ్లలో తర్వాతి పది పదిహేను పిక్‌లలోపు ఎవరు వెళ్లారో చూడాలి. 2017లో కౌబాయ్స్ 28వ పిక్‌తో టాకో చార్ల్టన్‌ని తీసుకున్నారు. రెండు పిక్‌ల తర్వాత, 30లో, స్టీలర్స్‌కి దొరికినవాడు టీజే వాట్. ఇద్దరి పనీ ఒకటే, అంచునుంచి దూసుకెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం, దాన్నే సాక్ అంటారు. చార్ల్టన్‌ని 2019 సెప్టెంబరులో కౌబాయ్స్ వదిలేశారు. వాట్ 2021లో 22.5 సాక్‌లతో లీగ్ రికార్డును సమం చేశాడు. ఇది మాత్రం తప్పించుకోలేని లెక్క.

ప్రశ్న (ఫ్రిస్కో)

ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. మరి క్వార్టర్‌బ్యాక్‌లలో డాక్ ప్రెస్కాట్ నాలుగో రౌండ్ అంటున్నారు, బ్రాక్ పర్డీ అయితే ఆ ఏడాది ఆఖరి పిక్ అట. వాళ్లని పట్టినవాళ్లది గొప్ప తెలివే కదా?

హ్యూస్టన్ నుంచి

సగమే తెలివి. ప్రెస్కాట్ 2016లో 135వ పిక్. ఆ ఏడాది కౌబాయ్స్ ముందు పాక్స్టన్ లించ్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం పైకి వెళ్లాలని చూశారు, కుదరలేదు. తర్వాత ఇంకో క్వార్టర్‌బ్యాక్ కానర్ కుక్ మీద కన్నేస్తే వాళ్లకు సరిగ్గా ఒక్క పిక్ ముందు రైడర్స్ ఎగరేసుకుపోయారు. ఆ ఇద్దరూ దొరక్కపోవడం వల్లే ప్రెస్కాట్ వచ్చాడు. పర్డీ 2022లో 262వ పిక్. ఫార్టీనైనర్స్ అతనికన్నా ముందు ఎనిమిదిమందిని తీసుకున్నారు. అంత నమ్మకమే ఉంటే తొమ్మిదో పిక్ దాకా ఆగరు కదండీ. ఫలితానికి చప్పట్లు కొట్టండి, నిర్ణయానికి మార్కులు వేరుగా వేయండి.

అదే ఫార్టీనైనర్స్ 2021లో క్వార్టర్‌బ్యాక్ ట్రే ల్యాన్స్ కోసం 12 నుంచి మూడో పిక్‌కి ఎక్కారు. అందుకు ఆ 12తోపాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు, పైన ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చేశారు. 2023లో ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కి అతన్ని కౌబాయ్స్‌కే పంపించేశారు. ఒక్కడి కోసం మూడు మొదటి రౌండ్లు పెడితే వాడు నిలబడితేనే గిట్టుబాటు, పడితే మూడేళ్ల పంట పోయినట్టే. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ల డ్రాఫ్టుల లెక్క తీసి చెప్పింది కూడా ఇదే, జట్లు తమ అంచనాను అతిగా నమ్మి పైకెక్కడానికి ఎక్కువ ఇచ్చుకుంటాయని.

రాత్రి గ్రేడ్ల సంగతి అడిగారు కదా. అవి ఆటకు వేసేవి కావు, రాసేవాళ్ల జాబితాకు జట్టు ఎంత దగ్గరగా ఉందో చెప్పేవి. 2012లో సీహాక్స్ 15కి బ్రూస్ ఇర్విన్, 47కి బాబీ వాగ్నర్, 75కి రసెల్ విల్సన్‌ని తీసుకుంటే చాలామంది పెదవి విరిచారు. 2013 సీజన్ సూపర్ బౌల్ వాళ్లదే. అలాగని జాబితాలు దండగ కాదు. మొదటి రౌండ్లో అందరి అంచనాకన్నా పాతిక స్థానాలు ముందు తీసుకుంటే అడగాల్సిందే, కాస్త దిగి వచ్చినా దొరికేవాడు. ఐదో రౌండ్లో ఆ పాతికకు అర్థం లేదు.

ప్లేనో నుంచి

ఇక ఎప్పుడు తేల్చాలనేది. మొదటి ఏడాది స్నాప్‌లు మాత్రం చూడు తమ్ముడూ, అంటే ఎన్ని బంతులకు మైదానంలో ఉన్నాడని. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్‌లో ప్రతి మ్యాచ్ పేజీలో ఉచితంగా దొరుకుతాయి. ఒక మ్యాచ్‌లో ఒక వైపుకు 60, 70 దాకా ఉంటాయి. గాయాలు లేకుండానే రెండో ఏడాదీ మొదటి రౌండ్ ఆటగాడికి వాటిలో సగం రావడం లేదంటే అది చెడ్డ కబురు. లైన్‌లో ఆడేవాళ్లకు, రిసీవర్లకు ఇంకొంచెం గడువు ఇవ్వాలి.

మూడో సీజన్ అయ్యాక మే మొదట్లో అసలు పరీక్ష వస్తుంది. మొదటి రౌండ్‌వాళ్ల నాలుగేళ్ల ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పెంచుకునే హక్కు జట్టుకు ఉంటుంది, దాన్ని వాడారా వదిలారా అన్నదే వాళ్ల సొంత తీర్పు. 2018లో 19వ పిక్ లైటన్ వాండర్ ఎష్‌కి కౌబాయ్స్ వాడలేదు. పార్సన్స్‌కి వాడారు. తర్వాత 2025 ఆగస్టులో అతన్ని ప్యాకర్స్‌కి పంపారు, అది వేరే తగువు. పిక్ లెక్క వేసేటప్పుడు మాత్రం నాలుగు సీజన్ల 52.5 సాక్‌లకు, బదులుగా వచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఆటగాడు కెన్నీ క్లార్క్‌ని కూడా కలుపుకోవాలి.

శనివారం తీసుకున్నవాళ్లను అదే కొలతతో కొలవకు. ఆగస్టు చివర్లో సీజన్‌కి జట్టులో ఉంచుకున్న 53 మంది జాబితా వస్తుంది, అందులో పేరుందో లేదో చూడు. ఉంటే స్నాప్‌ల పట్టికలో స్పెషల్ టీమ్స్ కాలమ్‌కి వెళ్లు. కిక్‌లు, పంట్‌ల దగ్గర (అంటే బంతిని కాలితో తన్నేటప్పుడు) వారం వారం పదిహేను స్నాప్‌లు పడుతుంటే ఆరో రౌండ్ పిక్‌కి అది మంచి ఫలితమే.