ఈ వారం సమస్య: కుక్క పేరులోన కోస్త దాగె

నిర్వాహకుడు (మాంబళం): పక్కింటివాళ్ళ చుక్కల కుక్కకి వాక్సిన్ కార్డు నింపిపెడుతూ ఇంగ్లిష్‌లో డాల్మేషియన్ చివర ఏ, ఎన్‌కి బదులు ఓ, ఎన్ రాసేశాను. వాళ్ళ అమ్మాయి వెంటనే పట్టుకుంది. అంకుల్, డాల్మేషియా అంటే క్రొయేషియాలో ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డు, దానికి ఎన్ తగిలిస్తే కుక్క, ఇండియాకి ఇండియన్ ఎలాగో ఇదీ అలాగే, ఓ ఎక్కడినుంచి వస్తుంది అంది. ఈ పాదం అక్కడే పుట్టింది. ఇదే చివరి పాదంగా, సరైన స్పెల్లింగ్ గుర్తుండేలా, పై మూడు పాదాలూ కట్టి ఆటవెలది పూరించాలి. కానివ్వండి.

అడయార్ అక్క: "డాల్మే" రెండు గురువులాయె (బరువుగా పలికే అక్షరాలు), సరిపాదంలో (రెండు, నాలుగు) ఎక్కడా ఇమడదు, బేసిపాదంలో (ఒకటి, మూడు) నాలుగో గణం (అక్షరాల గుంపు) దగ్గర కూర్చోబెట్టేసరికి రాత్రి పదకొండయింది.

చుక్క లెన్నొ యున్న శునకమ్ము పేరులో
నోను రాయ వలదు ఏను రాయి
డాబు పలుకు గాదు డాల్మేషియా యది
కుక్క పేరులోన కోస్త దాగె

పెరంబూరు మాస్టారు: అమ్మా, "ఏను" దగ్గర చప్పట్లు కొట్టాను. ద్వితీయా విభక్తి "ను" పెడితే అదే ఏ, ఎన్ అయి కూర్చుంది, స్పెల్లింగ్ మొత్తం ఒక్క మాటలో వచ్చేసింది, ఇక ఎవరూ మరిచిపోరు. కానీ "వలదు ఏను" విసంధి, రెండు అచ్చుల్నీ కలపకుండా వదిలేశారు. సంధి చేస్తే "వలదేను", గణం పోతుంది. ఇంకోటి, నోను–ఏను ప్రాసయతి కదా, మొదటి అక్షరాలు కలవక రెండో అక్షరం కలపడం? ఉగాది పూరణలో నేను ప్రాసయతి వేస్తే మూడు రోజులు వదల్లేదు మీరు. సరే, నా పూరణ:

లావు కుక్క జన్మ లాబ్రడారున గాదు
పక్క దీవి యందు బాల్య మంత
ఊరు తప్పె గాని యున్నది సంద్రమే
కుక్క పేరులోన కోస్త దాగె

ఆ కుక్క పూర్వీకులది న్యూఫౌండ్‌లాండ్ దీవి, పేరు మాత్రం దాని పైనున్న లాబ్రడార్ తీరానిది.

తాంబరం తమ్ముడు: మాస్టారూ, మూడో పాదం చాలా బాగుంది, కానీ స్పెల్లింగ్ సంగతి దాటేశారు. అడిగింది అదే కదా. అన్నట్టు మన రాజపాళయం కుక్క ఎవరికీ గుర్తు రాలేదేం? తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజుల ఊరు, ఊరి పేరే కుక్కకీ, 2005లో తపాలా బిళ్ళ మీదకి కూడా ఎక్కింది. సముద్రం లేదు కాబట్టి ఈ పాదంలో పట్టదు, నాకు అదే బాధ. నిర్వాహకుడుగారూ, వచ్చే వారం దానిమీద ఒక పాదం ఇవ్వండి.

అడయార్ అక్క: విసంధి ఒప్పుకుంటున్నాను మాస్టారూ. రెండో పాదం ఇలా మార్చాను:

నోను కొట్టివేసి యేను రాయి

కొట్టివేసి అన్నది క్త్వార్థం (చేసి, చూసి లాంటి క్రియ) కాబట్టి సంధి లేదు, యడాగమం (మధ్యలో య రావడం), ఇక పేచీ లేదు. మీ ఉగాది పాదం మాటకొస్తే, ప్రాసయతి వేసినందుకు కాదు నేను పట్టుకున్నది, ప్రాసాక్షరానికి (కలిసే ఆ రెండో అక్షరానికి) ముందు ఒకచోట గురువు, రెండోచోట లఘువు (తేలికగా పలికే అక్షరం) ఉన్నాయి. నోను, యేను రెండూ గురువులతోనే మొదలయ్యాయి, చూసుకోండి.

పెరంబూరు మాస్టారు: "కొట్టివేసి" మొదటిదానికన్నా బాగుంది, తప్పు రాసిన కార్డు కళ్ళముందు కనిపిస్తోంది. ఉగాది పద్యం డైరీలో ఉంది, తీసి చూసి చెబుతాను.