ఆత్మవిచారం: బాధపడమనా, వెతకమనా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివర ఒక మేడ మీద శనివారం సాయంత్రాలు వివేకచూడామణి (శంకరాచార్యుల పేరు మీదున్న వేదాంత గ్రంథం) పాఠం జరుగుతోంది. నాలుగు చాపలు, మోకాళ్ల నొప్పులవాళ్లకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. పోయిన వారం 11వ శ్లోకం వచ్చింది.

చిత్తస్య శుద్ధయే కర్మ న తు వస్తూపలబ్ధయే
వస్తుసిద్ధిర్విచారేణ న కించిత్ కర్మకోటిభిః

కర్మలు మనసు శుభ్రపడటానికి మాత్రమే. ఉన్నదేదో తెలియాలంటే విచారమే దారి, కోటి కర్మలు చేసినా లాభం లేదని. "కాబట్టి విచారం చెయ్యాలి" అని చెప్పేవారు అన్నారో లేదో, కుర్చీలో ఉన్న పెద్దావిడ అందుకున్నారు. శ్రీకాకుళం వైపు మనిషి, కొడుకు దగ్గర ఉంటున్నారు.

"ఇచారం పోతాదనే కదా బాబూ ఇన్ని మెట్లెక్కి వత్తన్నాను. మల్లీ ఇచారం సెయ్యమంతారేటి?"

నవ్వేశాం గానీ, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? విచారంలో ఉన్నది 'చర్' ధాతువు, అంటే తిరగడం. ఒక విషయం చుట్టూ మనసు తిరిగి అన్ని వైపుల నుంచీ చూడటం. హిందీలో విచార్ అంటే ఆలోచన, కన్నడంలో విచార అంటే సంగతి. మనకి మాత్రం "ఏం, విచారంగా ఉన్నావు?" చింత కూడా అంతే, సంస్కృతంలో ఆలోచన, తెలుగులో బెంగ (చింతచెట్టు సంగతి వేరు). నిర్వేదం ముండకోపనిషత్తులో వైరాగ్యం, మన కథల్లో అంతా అయిపోయిందని చతికిలబడటం. ఆలోచించిన తెలుగువాడికి చివరికి ఏడుపే మిగిలిందా ఏంటి?

ఈ గ్రూపులో అందరికీ నా అసలు ప్రశ్న: పాఠంలో విచారం అన్న మాటను తెలుగులో ఏమనాలి?

గాజువాక సభ్యుడు: ఇందులో చర్చేముందండీ? 'విచారణ' అంటే సరిపోతుంది.

నేను: 'విచారణకు హాజరు కావాలని నోటీసులు' అని రోజూ పేపర్లో చదివేవాళ్లం కదండీ. ఆత్మను బోనులో నిలబెట్టినట్టుంటుంది.

గాజువాక సభ్యుడు: నిలబెట్టండి, ఏం పోయింది? వేదాంతంలో చివరికి మిగిలేది సాక్షే గానీ ముద్దాయి కాదు.

(దీనికి లైకు కొట్టక తప్పలేదు.)

పార్వతీపురం సభ్యురాలు: మా ఇంట్లో సగం ఒడియా. వాళ్లకి 'బిచార' అంటే న్యాయం, తీర్పు. జడ్జిగారు బిచారపతి. మన లెక్కన ఆయన దుఃఖాలకు అధిపతి అవుతారు!

సంస్కృతం మాస్టారు (రిటైర్డ్): మీమాంస ఒకటి మరిచిపోయారు. బ్రహ్మసూత్రాల శంకరభాష్యం మీద రాసిన భామతి వ్యాఖ్యలో వాచస్పతి మిశ్రుడు దానికి 'పూజితమైన విచారం' అని అర్థం చెప్పాడు. మనమేమో పెళ్లికి వెళ్లాలా వద్దా అని మీమాంసలో పడతాం. ఇక అసలు సంగతి. మొదటి బ్రహ్మసూత్రం 'అథాతో బ్రహ్మజిజ్ఞాసా'. జిజ్ఞాస అంటే తెలుసుకోవాలన్న కోరిక. కోరికను ఆజ్ఞాపించలేం, ఆకలి వెయ్యమని ఎవరికైనా చెప్పగలమా? అందుకే అక్కడ జిజ్ఞాస అన్న మాటకు విచారం అని అర్థం తీసుకుని, 'చెయ్యాలి' అని పూరించే వ్యాఖ్యాతలున్నారు. అంటే విచారం ఒక పని, మూడ్ కాదు. ఉపనిషద్వాక్యం ఏం చెప్తోందో ఉపక్రమోపసంహారాలు (మొదలు, ముగింపు) మొదలైన ఆరు లింగాలతో, అంటే గుర్తులతో, తేల్చుకోవడం శ్రవణం, ఆపైన మననం (యుక్తితో ఆలోచించడం), నిదిధ్యాసనం (దాని మీదే మనసు నిలపడం). కళ్లు మూసుకుని 'నేనెవరు, నేనెవరు' అని జపం చేస్తే సరిపోదు.

అయినా ఆ తల్లి మాట కొట్టిపారెయ్యకండి. ఛాందోగ్యం 7వ అధ్యాయంలో నారదుడు తను చదివిన విద్యల చిట్టా అంతా విప్పి, 'మంత్రాలే తెలుసు, ఆత్మ తెలియదు, శోకంలో ఉన్నాను' అనే కదా సనత్కుమారుడితో అంటాడు. అది తెలుగు విచారమే. సంస్కృత విచారం అక్కడే మొదలైంది. మీ పాఠంలో 12వ శ్లోకం కూడా చూడండి. సరైన విచారంతో 'ఇది తాడే' అని తేలితే, పామనుకున్న భయం, దుఃఖం పోతాయని ఉంటుంది.

నేను: విచారంతో విచారం పోతుందన్నమాట! మాస్టారూ, నాకు ఒక మాట తడుతోంది, కాదంటే చెప్పండి. 'కనుక్కోవడం'. "డాక్టరు ఎన్నింటికొస్తాడో కనుక్కో" అంటే అడుగు. "ఎక్కడ దాచావో కనుక్కున్నా" అంటే దొరికింది. అడగడం, దొరకడం ఒక్క మాటలోనే. 'కను' అంటే చూడటం కాబట్టి 'ఆత్మా వా అరే ద్రష్టవ్యః' (ఆత్మను చూడాలి) అన్న ఉపనిషత్తు మాటకీ దూరం కాదు. పైగా ఆలోచన ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు గానీ, కనుక్కోవాలంటే తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. 15వ శ్లోకం విచారం చెయ్యమంటూనే 'సమాసాద్య దయాసింధుం గురుం', దయాసముద్రుడైన గురువును చేరి, అనడం లేదూ?

సంస్కృతం మాస్టారు: బాగానే ఉంది గానీ, కొత్తగా ఏదో దొరికిందన్న ధ్వని వస్తోంది. ఆత్మ ఎక్కడికి పోయిందని దొరకడానికి? మెడలో గొలుసు పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు కదా మన పరిస్థితి.

నేను: అప్పుడు కూడా 'మెడలోనే ఉందని కనుక్కున్నా' అంటాం గానీ, 'సంపాదించా' అనం కదా మాస్టారూ!

సంస్కృతం మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. సగం.

నేను (శనివారం రాత్రి): పాఠం చెప్పేవారికి ఈ చర్చంతా చూపించాను. ఇవాళ ఆయన విచారం అన్న ప్రతిచోటా "అంటే కనుక్కోవాలి" అని చేర్చారు. మూడోసారికి పెద్దావిడ కుర్చీలో ముందుకు జరిగి, "ఎవుల్ని కనుక్కోవాలి బాబూ?" అన్నారు.

ఆయన "వస్తున్నానమ్మా, అక్కడికే" అంటూ పేజీ తిప్పారు.