ట్రాలీ స్టాండులో స్విచ్: పేటెంట్ వస్తుందా, "ఎవరికైనా తట్టేదే" అంటారా?

హన్మకొండ వెల్డింగ్: మా బామ్మర్ది పరకాల దగ్గర ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటే రాత్రిపూట టైరు పంక్చరైతే ఏం చేస్తారో తెలిసిందే. ట్రాలీని రోడ్డు మీదే విప్పి, వెనక నాలుగు రాళ్లు, ఓ వేపకొమ్మ పెట్టి, ట్రాక్టర్ వేసుకుని టైరు కోసం పోతారు. చీకట్లో బైకులు వచ్చి గుద్దేది అప్పుడే. వీడు రెండు చక్రాల ట్రాలీకి ముందుండే స్టాండు కింద స్ప్రింగు, స్విచ్ పెట్టాడు. లోడు బండిని విప్పి స్టాండు మీద నిలిపితే బరువుకు స్ప్రింగు అణిగి వెనక ఎర్ర లైట్లు కొట్టుకుంటాయి. పేటెంట్ ఏజెంటేమో "ఇది ఎవరికైనా తట్టేదే, పేటెంట్ రాదు" అన్నాడు.

కాజీపేట మెకానికల్: ఏజెంట్ కరెక్టే అన్నా. ఫ్రిజ్ తలుపు తీస్తే బల్బు వెలగదా? పేటెంట్ చట్టం 3(ఎఫ్) చూడండి: తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన, దేని పని అది చేసుకుంటుంటే, ఆవిష్కరణ కాదు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్ కేసు కూడా బండి పెడల్ గురించే. ముందువెనుకలకు సర్దుకునే పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించారు. అది ఆ పని తెలిసినవాళ్లకు తట్టేదేనని పేటెంట్ చెల్లదన్నారు.

లా సెకండియర్: 3(ఎఫ్) ఇక్కడ అతకదు. స్ప్రింగూ స్విచ్చూ విడివిడిగా ఏ పనీ చేయట్లేదు కదా. అసలు ప్రశ్న 2(1)(జెఎ): ఆ పనిలో నేర్పున్నవాడికి తట్టేదా కాదా? అయ్యాక చూస్తే అన్నీ సులువే. 1959లో వోల్వో ఇంజనీర్ నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటుబెల్టు చేశాడు. నడుము బెల్టు, భుజం బెల్టు అంతకుముందే ఉన్నాయి. అయినా పేటెంట్ వచ్చింది.

నర్సంపేట రైతు: పుస్తకాలు పక్కన పెట్టండి. నాకైతే ముందు తట్టేది హుక్కు పిన్ను. పిన్ను తీస్తే లైటు వెలగాలి, అంతే. కానీ మా ఊళ్లో పిన్ను పోతే సలాక గుచ్చి లాగుతాం. పైగా ఇంటి ముందు ఖాళీ ట్రాలీ విప్పి పెట్టినా రాత్రంతా వెలిగి పొద్దున్నకు బ్యాటరీ పోతుంది.

హన్మకొండ వెల్డింగ్: సరిగ్గా అదే జరిగింది! మొదట పిన్నుకే పెట్టాడు, రెండు బ్యాటరీలు పోగొట్టాడు. ఖాళీ బండికి స్ప్రింగు అణగదు కాబట్టి స్టాండుకు మార్చాడు.

లా సెకండియర్: ఇది దరఖాస్తులో తప్పక రాయించండి. అందరూ పిన్ను వైపు చూస్తుంటే ఇతను స్టాండు వైపు వచ్చాడు. నా లెక్కన కొత్తదనం ఉన్నది అక్కడే, లైట్లలో కాదు.

కాజీపేట మెకానికల్: పిన్ను ముచ్చట వినకముందు నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటా. కానీ స్ప్రింగు ఎంత అణిగిందో చూసి లోడు తెలుసుకోవడం పాతదే. లోడును బట్టి బ్రేకు బలం మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వ్ అదే కదా. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ దాన్నే ముందు పెడతాడు. ఇంతకీ ఎక్కడైనా చూపించారా? దరఖాస్తుకు ముందే బయటపెడితే కొత్తది కాదంటారు.

హన్మకొండ వెల్డింగ్: యూట్యూబ్‌లో పెట్టి రెండు నెలలైంది. లైట్లు కొట్టుకోవడమే కనిపిస్తుంది, స్టాండు లోపల ఏముందో చూపలేదు.

లా సెకండియర్: లోపలిది చూపలేదంటే ఇంకా ఆశ ఉంది. ముందా వీడియో తీసేయించండి. ఈ వారమే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కు (పూర్తి వివరాల పత్రానికి) 12 నెలల టైమ్ ఉంటుంది.

నర్సంపేట రైతు: పేటెంట్ సంగతి తర్వాత, మా ట్రాలీకి ఒకటి బిగించడానికి ఎంత తీసుకుంటాడు?