ఫైనాన్స్‌లోకి వెళ్లాలంటే డిగ్రీలో గణితం–స్టాటిస్టిక్స్ చదవాలా, ఫైనాన్సే చదవాలా?

మొదటి_అడుగు:
యూనివర్సిటీలో చేరే గడువు దగ్గర పడింది. రెండు కోర్సుల్లో సీటు వచ్చేలా ఉంది. ఒకటి గణితం–స్టాటిస్టిక్స్, ఇంకోటి ఫైనాన్స్. ఏది చదివినా చివరికి నేను చేయాలనుకుంటున్నది ఫైనాన్స్ ఉద్యోగమే. ఇంట్లో ఒక మాట చెబుతున్నారు, టీచర్లు ఇంకో మాట చెబుతున్నారు. లెక్కలంటే నాకు ఇష్టమే. కానీ ఏళ్ల తరబడి నిరూపణలు రాసి, బయటికొచ్చాక బ్యాలెన్స్ షీట్ చదవడం కూడా రాకపోతే నా గతేమిటని టెన్షన్‌గా ఉంది. ఈ పని చేస్తున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బ్యాలెన్స్_షీట్:
ఫైనాన్సే చదువు తమ్ముడూ. నేను పన్నెండేళ్లుగా కార్పొరేట్ ఫైనాన్స్‌లో ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్క ఇంటిగ్రల్ కూడా వేయాల్సిన పని పడలేదు. కూడికలు, శాతాలు, డిస్కౌంటింగ్ (రేపు వచ్చే డబ్బుకు నేటి విలువ కట్టడం), అంతే. కష్టం లెక్కలో ఉండదు. కంపెనీ లాభం చూపిస్తోంది, మరి బ్యాంకు ఖాతాలో డబ్బు ఎందుకు తగ్గుతోంది? అమ్మిన సరుకుకు ఇంకా వసూళ్లు రాలేదా? గోడౌన్‌లో స్టాక్ పేరుకుపోయిందా? ఈ ఏడాది ఖర్చును ఆస్తిగా చూపించి వచ్చే ఏళ్ల మీదికి నెట్టారా? అప్పు ఇచ్చేవాడైనా, కంపెనీని కొనేవాడైనా అడిగే ప్రశ్నలు ఇవే. ఇవి తెలియకుండా మోడల్ కట్టడం నేల విడిచి సాము చేయడమే.

రిస్క్_టేబుల్:
బ్యాలెన్స్_షీట్ గారు చెప్పింది ఆయన పనికి అక్షరాలా నిజం. కానీ ఫైనాన్స్ అంటే అదొక్కటే కాదు. నాకు జరిగింది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒక పోర్ట్‌ఫోలియో పని ఇచ్చారు. 500 షేర్లు, ఒక ఏడాది రోజువారీ రాబడులు, అంటే దాదాపు 250 రోజుల డేటా. రిస్క్ అతి తక్కువగా ఉండేలా ఏ షేరులో ఎంత పెట్టాలో చెప్పాలి. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ వేసిన దారే, ఫైనాన్స్ పాఠ్యపుస్తకాలన్నిటిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే రిస్క్ దాదాపు సున్నా వచ్చింది. చాలా సంతోషంగా సీనియర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నా జవాబు వైపు చూడనే లేదు. "షేర్లెన్ని? రోజులెన్ని?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "అయితే ఇది నువ్వు కనిపెట్టిన పోర్ట్‌ఫోలియో కాదు, డేటా చాలకపోవడం వల్ల పుట్టింది" అన్నారు.

కాగితం తీసి చూపించారు. 500 షేర్ల కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌లో (ఏ రెండు షేర్లు ఎంత కలిసి కదులుతాయో చూపే పట్టికలో) విడివిడిగా అంచనా వేయాల్సిన సంఖ్యలు 1,25,250. చేతిలో ఉన్నవి 250 రోజులు. సగటు తీసేశాక ఆ మ్యాట్రిక్స్ ర్యాంక్, అంటే అందులో ఒకదాని మీద ఒకటి ఆధారపడని వరుసల సంఖ్య, 249 దాటదు. అంటే గతంలో అసలు కదలనే కదలని షేర్ల మిశ్రమాలు కాగితం మీద లెక్కలేనన్ని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పట్టుకున్నది వాటిలో ఒకదాన్ని. రేపు మార్కెట్ తెరవగానే అది కదులుతుంది.

ఫార్ములా నాకు వచ్చు. అది ఎక్కడ విరుగుతుందో తెలియదు. ఆ సంగతి లీనియర్ ఆల్జీబ్రా క్లాసులో ఉంది, నేను దాన్ని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేశాను. ఆ పాఠం విలువేమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

వేరియన్స్:
రిస్క్_టేబుల్ గారి మాటకు తోడు ఒకటి చెప్పాలి. గణితం, స్టాటిస్టిక్స్ అని జంటగా అనేస్తున్నాం. నా దృష్టిలో ఫైనాన్స్‌కు పెద్దపీట స్టాటిస్టిక్స్‌కే వేయాలి. ఎందుకంటే ఇక్కడ డేటా ఎప్పుడూ చాలదు.

ఒక షేరు ధర ఏడాదికి 20 శాతం అటూ ఇటూ ఊగుతుందనుకోండి. 25 ఏళ్ల రికార్డు చూసి సగటు రాబడి 8 శాతం అని తేల్చాం. దాని స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ సగటు ఎంత తప్పి ఉండొచ్చో చెప్పే కొలత, ఎంత? 20ని 25 వర్గమూలంతో, అంటే 5తో భాగిస్తే 4 శాతం. మామూలుగా దానికి రెండింతలు అటూ ఇటూ చూస్తాం, కాబట్టి అసలు సగటు సున్నా నుంచి 16 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. పాతికేళ్ల డేటా చూశాక కూడా మనకు తెలిసేది ఇంతే! అయినా ఆ 8ని పట్టుకుని ముప్పై ఏళ్ల రిటైర్మెంట్ ప్లాన్లు వేసిచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ డబ్బు ఎవరిదో ఒకరి జీవితం.

ఇంకొకటి. ఏ పసా లేని 20 ట్రేడింగ్ పద్ధతులను 5 శాతం గీత పెట్టి (అంటే పసలేనిది పొరపాటున పాసయ్యే అవకాశం 5 శాతం ఉండేలా) పరీక్షించండి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకటైనా పనిచేస్తున్నట్టు కనిపించే అవకాశం 64 శాతం. మిగతా 19 మాట చెప్పకుండా ఆ ఒక్కదాన్నే బాస్‌కు చూపిస్తే అది మోసమని కూడా చాలామందికి తట్టదు.

బ్యాలెన్స్_షీట్:
ఇవన్నీ తెలిసినవాళ్లే కదా లాంగ్‌టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ (ఎల్‌టీసీఎం) అనే అమెరికా పెట్టుబడుల ఫండ్‌ను నడిపింది? మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ 1997లో నోబెల్ అందుకున్నారు. ఇద్దరూ ఆ ఫండ్‌లో భాగస్వాములే. మరుసటి ఏడాదే అది కుప్పకూలితే 14 సంస్థలు కలిసి దాదాపు 360 కోట్ల డాలర్లు పెట్టి నిలబెట్టాల్సి వచ్చింది. ఇక 2008 ఆర్థిక సంక్షోభం సంగతి. ఇళ్ల అప్పుల మూటలకు ధర కట్టింది గాసియన్ కాప్యులా అనే సూత్రంతో, అంటే అప్పులు కలిసి మునిగే అవకాశాన్ని లెక్కగట్టే సూత్రంతో. లెక్క తెలియక మునిగారా వాళ్లు?

రిస్క్_టేబుల్:
లెక్క తెలియక కాదు, ఒప్పుకుంటాను. కానీ 2008 ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది. గాసియన్ కాప్యులాకు ఒక గుణం ఉంది. పరిస్థితి ఎంత విపరీతంగా మారితే, ఒకటి కూలినప్పుడు రెండోదీ కూలే అవకాశం అది అంత తక్కువగా చూపిస్తుంది. నిజ జీవితంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అన్నీ కలిసి మునుగుతాయి. ఇది స్టాటిస్టిక్స్ బాగా చదివినవాళ్లకు ముందే తెలిసిన విషయం. ఆ సూత్రం ఇచ్చిన ఒక్క అంకెను ప్రశ్నించకుండా సంతకాలు పెట్టినవాళ్లలో చాలామందికి అది తెలియదు.

ఎల్‌టీసీఎం విషయంలో మాత్రం మీతో వాదించను. సొంత డబ్బుకు ఇరవై అయిదు రెట్లు అప్పు తెచ్చారు. అంత అప్పు తేవొద్దని ఏ సిద్ధాంతమూ వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపలేదు.

కోడ్_డెస్క్:
ఏది చదివినా పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) నేర్చుకోండి. ఎక్సెల్‌ను చిన్నచూపు చూడకండి. 2012లో జేపీ మోర్గాన్ లండన్ డెస్క్‌లో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చినప్పుడు, వాళ్ల సొంత విచారణ నివేదికలోనే ఈ సంగతి బయటపడింది. రిస్క్ మోడల్‌లో సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారు. రెండు సంఖ్యల మొత్తం వాటి సగటుకు రెట్టింపు కదా, దాంతో ఊగిసలాట సగమే కనిపించింది. నష్టం దాని వల్ల రాలేదు, కానీ రిస్క్ తక్కువగా కనబడింది. దీన్ని పట్టుకోవడానికి ఏ డిగ్రీ కావాలి? ఓపిగ్గా ఒక్కో గడీ చూసేవాళ్లు కావాలి.

క్లాస్‌రూమ్:
ఇరవై ఏళ్లుగా ప్రాబబిలిటీ చెబుతున్నాను, నా మాట కూడా వినండి. ధరల కదలికను ప్రాబబిలిటీతో రాసిన మొదటి సిద్ధాంత గ్రంథం 1900లో పారిస్‌లో లూయీ బాషెలియే ఇచ్చాడు. బ్రౌనియన్ చలనం (ద్రవంలో రేణువుల అడ్డదిడ్డ కదలిక) మీద ఐన్‌స్టైన్ వ్యాసానికి అయిదేళ్ల ముందు! 1973లో ఆప్షన్ల (ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల) ధర సూత్రం వచ్చేదాకా ఫైనాన్స్ ప్రపంచంలో ఎక్కువమందికి అతని పేరే తెలియదు. ఫైనాన్స్ కోసం గణితాన్ని కొత్తగా ఎవరో అతికించలేదు, మొదటి నుంచీ అందులో ఉంది.

మొదటి_అడుగుకు నేను చెప్పేది ఒక్కటే. ఏది తర్వాత నేర్చుకోగలవో చూసుకో. అకౌంటింగ్‌ను ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నవాళ్లు నా పాత విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషకుల పరీక్ష) మూడు లెవెళ్లూ అలాగే రాశారు. కానీ పాతికేళ్లు దాటాక, ఉద్యోగం చేస్తూ, స్టోకాస్టిక్ ప్రాసెసెస్ (కాలంతో యాదృచ్ఛికంగా మారేవాటి గణితం) మొదటి నుంచి ఒంటరిగా నేర్చుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. తీసుకునే పేపర్లు మాత్రం చూసుకుని ఎంచుకో: ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, రిగ్రెషన్, టైమ్ సిరీస్. టోపాలజీ అందమైనదే, ఇష్టముంటే చదువు, కానీ ఉద్యోగం కోసమని కాదు.

బ్యాలెన్స్_షీట్:
క్లాస్‌రూమ్ గారి మాటలో న్యాయం ఉంది. డెబిట్ క్రెడిట్లు తర్వాత నేర్చుకోవచ్చు, కాదనను. కానీ ఒక కంపెనీ నివేదిక చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోందని తోచడం సాయంత్రం క్లాసులతో రాదు. వందల నివేదికలు చదివితే వస్తుంది. అది ఎంత ముందు మొదలైతే అంత మంచిది. నేను చెప్పేదీ అదే.

మొదటి_అడుగు:
అందరికీ చాలా థాంక్స్. రిస్క్_టేబుల్ గారు చెప్పింది నమ్మబుద్ధి కాక నిన్న రాత్రి చిన్నగా వేసి చూశాను. మూడు షేర్లు, రెండే రోజులు. మొదటి రోజు రాబడులు 1, 2, 4 శాతం. రెండో రోజు 3, 0, 1 శాతం. మొదటి రెండు షేర్లలో సగం సగం పెట్టి, మూడోదాన్ని వదిలేశాను. రెండు రోజులూ సరిగ్గా 1.5 శాతమే వచ్చింది. కదలికే లేదు, రిస్క్ సున్నా! కానీ మూడో రోజు గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియదు. చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

గణితం–స్టాటిస్టిక్స్‌లోనే చేరుతున్నాను. ఎలక్టివ్‌గా అకౌంటింగ్ తీసుకుంటాను.

బ్యాలెన్స్_షీట్:
సరే తమ్ముడూ, మంచిది. మొదటి సెలవుల్లో నీకు నచ్చిన ఏదో ఒక కంపెనీ వార్షిక నివేదిక తెచ్చుకో. లాభనష్టాల పేజీతో మొదలుపెట్టకు, ముందు క్యాష్ ఫ్లో పేజీ తెరువు. లాభానికీ, చేతికొచ్చిన నగదుకూ ఎక్కడ తేడా వచ్చిందో ఒక్కో వరుసా పట్టుకుని రాయి. అర్థంకాని వరుస ఉంటే ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.